బోణీ మొహం

“శుక్రవారం తెల్లారేసరికల్లా తలస్నానం చేసి, ఆ పసుపుపచ్చ స్వెటర్ వేసుకుని తయారుగా ఉండు నల్లపిల్లా. కొత్త కొట్టు ముందు కూర్చోవాల్సింది నువ్వే,” అంది మా అత్తగారు, నానిన ఎండు బంగాళాదుంపని గుప్పిట్లో నొక్కి నీళ్ళు పిండుతూ.

ఆదివారం పొద్దున్న. మేడ మీద నీళ్ళతొట్టి పక్కన ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని దుంపల పొట్టు తీస్తున్నాం. లా పాజ్ నగరం పైన కొండ మీదున్న ఈ ఎల్ ఆల్తోలో ఎండ నెత్తిని మాడుస్తుంది, నీడలో ఉన్న కాళ్ళు మాత్రం మంచులో పెట్టినట్టుంటాయి. యుంగాస్ లోయలో, నారింజ చెట్ల మధ్య పుట్టి పెరిగిన నాకు ఈ ఎత్తు, ఈ చలి ఇంకా ఒంటబట్టలేదు. అయినా ఆ పొద్దుటిపూట నాకెంత బాగుందో! పెళ్ళయి నిండా మూడు నెలలు కాలేదు. పెళ్ళిలో మా నెత్తిన చల్లిన రంగుకాగితం ముక్కలు ఇప్పటికీ నా ఉంగరాల జుట్టులో దొరుకుతూనే ఉన్నాయి. ఎంత తలంటుకున్నా ఎక్కడో ఒకటి నక్కి ఉంటుంది. ఆ పొద్దున్నే విల్మెర్‌కి ఒక గులాబీరంగు ముక్క దొరికింది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, “ఇవన్నీ అయిపోయేదాకా మనం కొత్త పెళ్ళికొడుకూ కొత్త పెళ్ళికూతురే,” అన్నాడు. అలాంటి మాట విన్న పూట దుంపలేమిటి, రాళ్ళకి పొట్టు తియ్యమన్నా తీస్తాను.

“శుక్రవారం నాకు పరీక్ష ఉందత్తయ్యా,” అన్నాను.

“ఎన్నింటికి?”

“తొమ్మిదింటికి. నోటి పరీక్ష. అది తప్పితే ఏడాదంతా మళ్ళీ మొదటినించి చదవాలి.”

“మనం ఏడింటికే ధూపం వేస్తాం. ముందు కూర్చో, తర్వాత చూద్దాం.” ఇంకో దుంప అందుకుంది. “సోమవారం నించి ఎలాగూ పొద్దుటిపూటంతా నువ్వు కొత్త కొట్లోనే ఉంటావుగా. చదువు సాయంత్రాలు కూడా చెబుతారటగా?”

“మా సోషియాలజీ పొద్దున్నే చెబుతారత్తయ్యా. సాయంత్రం లేదు.”

“అయితే సాయంత్రం చెప్పేది ఏదుంటే అది చదువుకో,” అంది ఆవిడ. ఎంత తేలిగ్గా అందంటే, బట్టల కొట్టులో ఆ రంగు లేకపోతే ఈ రంగు తీసుకో అన్నట్టు. కోపం లేదు, అధికారం లేదు. ఆవిడ అధికారం చేస్తే నాకు సుఖంగా ఉండేది. ఎదురు తిరగడానికి ఒక గోడ దొరికేది. ఆవిడ మాత్రం మాట అనేసి, నా చేతులు చలికి బిగుసుకుపోవడం చూసి, తన శాలువా తీసి నా ఒళ్ళో పడేసింది.

ఒకప్పుడు ఓడల్లో బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి మేం. మాలాంటి నల్లవాళ్ళు ఎదురైతే అదృష్టమని ఇక్కడి నమ్మకం. కనబడగానే పక్కనున్న మనిషి చెయ్యి గిల్లాలి. “అదృష్టం, నల్లమ్మా!” అనాలి. పక్కన ఎవరూ లేకపోతే తమని తామే గిల్లుకుంటారు. కొందరికి చొరవ ఎక్కువ, సరాసరి నన్నే గిల్లి పోతారు. బస్సులో, రొట్టెల దుకాణంలో, చర్చి మెట్ల మీద, ఆఖరికి ఆస్పత్రిలో సూది వెయ్యబోతున్న నర్సు కూడా. చిన్నప్పుడు మా అమ్మ నారింజపళ్ళ బస్తాతో లా పాజ్ బజారుకి వచ్చేటప్పుడు నన్నూ తెచ్చేది. నన్నూ అమ్మనీ చూసి జనం ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని నవ్వుకుంటూ పోతుంటే, అమ్మ గొంతెత్తి అరిచేది. “గిల్లారుగా, ఇక కొనండి! ఊరికే గిల్లితే అదృష్టం పట్టదు!” సిగ్గుపడి కొనేవాళ్ళు కొందరు. బస్తా ఖాళీ అయ్యేది. అమ్మ దాన్ని అలా పళ్ళమ్మే ఎత్తుగా మార్చుకుంది. నేనింకా దాన్ని దేనిగానూ మార్చుకోలేకపోయాను.

మా అత్తగారు దోన్యా తోమాసాది అల్యూమినియం గిన్నెల కొట్టు. ఈ శుక్రవారం తెరవబోయేది రెండోది. కుచ్చుల లంగా, గుండ్రటి టోపీ, వీపున చారల దుప్పటి మూట, అచ్చంగా కొండజాతి ఆడవాళ్ళ కట్టు. ఈ కొండ మీద ఆవిడని ఎరగని ఇల్లాలు ఉండదు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు నేను ఆవిడకి మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్ళాను. కొట్టు ముందు నిలబడ్డానో లేదో, ఆరుబయట పొయ్యి మీద వంటలు చేసే ఒకావిడ వచ్చి పెద్ద పెద్ద డేగిశాలు బేరం లేకుండా కొనుక్కుపోయింది. అంతే. కోడలు అడుగుపెట్టిన వేళావిశేషం అన్నారు బజారంతా. ఆ తర్వాత వచ్చిన నెల మొదటి శుక్రవారం, ప్రతి కొట్టు ముందూ నిప్పుల మీద మూలికలూ మిఠాయి బిళ్ళలూ వేసి భూదేవి పాచామామాకి ధూపం వేసే రోజున, మా అత్తగారు ఒక కుర్చీ తెచ్చి కొట్టు ముందు వేసి నన్ను కూర్చోబెట్టింది. వచ్చే పోయే వాళ్ళు చూసి, గిల్లుకుని, నవ్వుకుని, ఆగి, గిన్నెలు తిరగేసి చూసేవాళ్ళు.

నేను అమ్మ కూతుర్ని. బేరాలు నాకు వచ్చు. మూత తట్టి మోత వినిపించి, “ఇది మీ మనవరాలి పెళ్ళిదాకా ఉంటుంది కసేరా” అని అమ్మగలను. ఇక్కడ కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ ఇద్దరినీ కసేరా అనే పిలుస్తారు, ఆ పిలుపంటే నాకు మహా ఇష్టం. కానీ ఒకసారి నేను లేచి గిన్నె అందుకోబోతే అత్తగారు నా మోకాలు మీద తట్టి, “నువ్వెందుకే, చేతులు నల్లబడతాయి. నవ్వుతూ కూర్చో చాలు,” అంది. అని, తను అన్నమాట తనకే తట్టి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కూర్చోవడం కూడా ఒక పనేనని ఆ రోజే నాకు తెలిసింది. దవడలు నొప్పెట్టేవి. ఇంటికొచ్చి సూపు కాచి, మేడమీద చన్నీళ్ళలో దుప్పట్లు ఉతికి, ఆరేసి, పుస్తకం పట్టుకుంటే కళ్ళు మూతలు పడేవి. ఇంట్లో చేసింది పని కాదు, కొట్లో కూర్చున్నది పని కాదు. ఇక నేను అలిసిపోవడానికి కారణమేముంది?

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పక్క కొట్టు ఫెలిపా పిన్ని వచ్చింది. వేరుశెనగ సూపు చేశాను. విల్మెర్ రెండోసారి వేయించుకుని, బల్ల కింద తన కాలితో నా కాలు తొక్కాడు. ఆ చిన్న మెచ్చుకోలుకే నాకు చెవులదాకా వెచ్చగా అయిపోయింది.

“తోమాసా, నాకో అనుమానమే,” అంది ఫెలిపా పిన్ని, నా వైపు చూస్తూ, నేను అక్కడ లేనట్టు. “ఎప్పుడో వీధిలో ఒకసారి కనబడితే అదృష్టం. రోజూ ఇంట్లోనే తిరుగుతుంటే అరిగిపోదూ?”

“అరిగిపోవడానికి అదేమన్నా సబ్బా?” అంది అత్తగారు.

“రేపు కొత్త కొట్లో అమ్మకాలు పడిపోతే?”

“పడిపోతే లోయకి పోయే బస్సెక్కిస్తాను దీన్ని!” అంది అత్తగారు. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆవిడ తన పళ్ళెంలోని మెత్తటి మాంసం ముక్క తీసి నా పళ్ళెంలో వేసింది. నాకిష్టమైన ముక్క. తిన్నాను. బాగుంది కూడా. బస్సు మాత్రం గొంతులో అడ్డంగా నిలబడింది.

“అరగదు పిన్నీ, దానికి నేను సాక్ష్యం,” అన్నాడు విల్మెర్, మూతి తుడుచుకుని కథకి సిద్ధమవుతూ. “బ్యాంకు ఉద్యోగానికి పరీక్ష రాయడానికి నేనూ రోజెర్ గాడూ కేబుల్ కారులో కిందకి వెళ్తున్నాం. ఎదుటి బల్ల మీద ఈవిడ! చూడగానే రోజెర్ గాడి చెయ్యి పట్టుకుని ఒక గిల్లు గిల్లానూ, వాడు కెవ్వుమన్నాడు. ఏమైంది? గిల్లించుకున్న వాడు తప్పాడు, గిల్లిన నేను పాసయ్యాను! పోనీ అంతటితో వదిలానా? ఆ అదృష్టాన్నే పెళ్ళి చేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.”

ఫెలిపా పిన్ని చేతులు చరిచింది. విల్మెర్ గర్వంగా, ప్రేమగా నా వైపు చూశాడు. నా గురించి అతను చెప్పే మంచి మాటల్లో అది అన్నిటికంటే మంచిదని అతని నమ్మకం. 

నాకు తెలిసిన కథ వేరు. అతనే నాకు చెప్పిన కథ అది. నేను కిటికీ పక్కన కూర్చుని ఏదో పుస్తకం చదువుతూ నాలో నేను నవ్వుకుంటున్నానట. కింద ఊరంతా ఎర్ర ఇటుకల బొమ్మరిళ్ళలా కదిలిపోతుంటే ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదట. “అంత నవ్వొచ్చేది ఏముందో అడగకపోతే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదనిపించింది” అన్నాడు. అందుకే దిగేటప్పుడు పలకరించాడట. ఆ కథని నేను ఎన్నిసార్లు లోపల తిప్పుకున్నానో! దుప్పట్లు ఉతుకుతూ, పెరట్లో పళ్ళు తోముకుంటూ, క్లాసులో నోట్సు రాసుకుంటూ. ఒక మనిషి నన్ను చూశాడు, నా రంగు కాదు, నా నవ్వు చూశాడు అని. ఆ కథలో రోజెర్ అనేవాడు లేడు. వాడి చెయ్యి లేదు.

భోజనాలయ్యాక మేడ మీద దుప్పట్లు ఆరేస్తూ అడిగాను. విల్మెర్ రెండో కొస పట్టుకున్నాడు. అతను సాయం రావడం నాకో పండగ, తడి దుప్పటి మధ్యలో పెట్టుకుని మేమిద్దరం లాక్కుంటూ ఆడుకుంటాం. ఆ రోజు నేను లాగలేదు.

“రోజెర్ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే?”

“ఏ సంగతి? గిల్లిందా? అదో సరదా కదే.”

“ఏది ముందు? గిల్లావా, నా నవ్వు చూశావా?”

అతను అబద్ధం ఆడి ఉండొచ్చు. కొత్త మొగుడికి ఆ మాత్రం అబద్ధం హక్కే. కానీ విల్మెర్ కళ్ళు చికిలించి, దూరంగా మంచుకొండ వైపు చూస్తూ, నిజంగానే గుర్తు చేసుకున్నాడు. “గిల్లడమే ముందు. అది చేతి అలవాటు నెల్వీ. నేను చేసినట్టు కాదు. ఆ తర్వాతే నిన్ను చూశాను.”

నిజం చెప్పినందుకు అతన్ని కావలించుకోవాలనిపించింది. నిజం చెప్పినందుకే ఆ తడి దుప్పటి అతని మొహాన కొట్టాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. కొస తాడు మీద వేసి క్లిప్పు పెట్టాను.

“సోమవారం నించి నన్ను కొట్లో కూర్చోమంటోంది మీ అమ్మ. చదువు మానేసి.”

“మానెయ్యడం కాదే, కొన్నాళ్ళు ఆపడం. కొట్టు నిలదొక్కుకునేదాకా. అమ్మ ఎంత కష్టపడిందో నీకు తెలుసుగా? నువ్వు ఎదురుగా ఉంటే ఆవిడకి ధైర్యం. చదువెక్కడికి పోతుంది, వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది.”

“నీ బ్యాంకు కూడా వచ్చే ఏడాది అక్కడే ఉంటుంది. నువ్వు కూర్చోరాదూ?”

అతను హాయిగా నవ్వాడు. “నన్ను చూసి ఎవరు గిల్లుకుంటారే!”

ఆ వారమంతా నాకు ఒకచోట కాలు నిలవలేదు. మా పరీక్ష పేరేమిటో చెబితే మీరు నవ్వుతారు. ‘జాతి, సంస్కృతి, సామాజిక సంఘర్షణ’. పుస్తకాల్లో ఆ మూడు మాటలూ ఎంత పెద్దగా ఉంటాయో. ఊరేగింపులు, కాల్పులు, రోడ్డుకడ్డంగా రాళ్ళు. మా ప్రొఫెసరమ్మ ప్రతి ఒక్కరూ తాము స్వయంగా ఎరిగిన ఒక సంఘర్షణ గురించి మాట్లాడాలంది. బుధవారం అందరం ఒకరికొకరం అప్పజెప్పుకుని చూసుకున్నాం. యెసికా అనే అమ్మాయి తన తల్లి గురించి చెప్పింది. కొండజాతి కుచ్చుల లంగా కట్టుకుందని ఒక హోటల్లో ఆవిడని బల్ల దగ్గర కూర్చోనివ్వలేదట, వంటింటి గుమ్మం దగ్గర తినమన్నారట. పక్కన కూర్చున్న దొరసాని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుందట. చెబుతూ యెసికా ఏడ్చింది, వింటూ నేను ఏడ్చాను. నా కళ్ళముందు మా అత్తగారే కనబడింది, ఆ గుండ్రటి టోపీతో, గుమ్మం దగ్గర. ఆ దొరసాని నా చేతికి దొరికితే బాగుండుననుకున్నాను. చప్పట్లు కొట్టాను, యెసికాని గట్టిగా పట్టుకున్నాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, నవ్వుతూ పక్కనున్న కుర్రాడి చెయ్యి గిల్లింది. “నెల్వి మన జట్టులో ఉంది, శుక్రవారం మనకి తిరుగులేదు!”

“యెసికా,” అన్నాను.

“అయ్యో, ఏమనుకోకే. నీకు తెలుసుగా, ప్రేమతోనే.”

తెలుసు. అదే నా బాధ. తిట్టినవాళ్ళని తిట్టడానికి పుస్తకాలున్నాయి. ప్రేమతో గిల్లేవాళ్ళ గురించి ఏ పుస్తకంలో వెతకను? పైగా నేనేం శుద్ధపూసని కాదు, మావాళ్ళూ కాదు. పెళ్ళి మాట చెప్పినప్పుడు మా నాన్న, “కొండమీదోళ్ళు నెలకోసారి స్నానం చేస్తారు, వాళ్ళింటికి పోతావా?” అన్నాడు. మా నాయనమ్మ, “వాళ్ళు నవ్వరే తల్లీ, రాళ్ళు,” అంది. తీరా చూస్తే మా అత్తగారంత నవ్వే మనిషిని నేను చూడలేదు. ఒకరి గురించి ఒకరం ఏమీ తెలియకుండా ఎన్ని తెలుసుకున్నామో! వాళ్ళని తొక్కినవాళ్ళే మమ్మల్నీ తొక్కారు. వాళ్ళు గనుల్లో చచ్చిపోతే మావాళ్ళు తోటల్లో చచ్చిపోయారు. ఆ చావుల దగ్గర మేం ఒకటి. కానీ బజారులో నేను వాళ్ళకి మనిషిని కాదు, శకునాన్ని. శకునం మంచిదైతే మాత్రం ఏమిటి? పిల్లి ఎదురొస్తే తిట్టుకుంటారు, నేనెదురొస్తే మురిసిపోతారు. పిల్లినీ నన్నూ కూడా ఎక్కడికి వెళ్తున్నావని అడగరు.

బస్సు మాట కూడా వదలడం లేదు. అమ్మకాలు పెరిగితే నా వల్ల. మరి తగ్గితే? నేను చేత్తో తాకని గిన్నె అమ్ముడుపోతే నా ఘనత అయినప్పుడు, అమ్ముడుపోకపోతే నా నేరం కాకుండా ఎలా ఉంటుంది? మాంసం ముక్క పెట్టిన చెయ్యే బస్సెక్కిస్తుంది. అప్పుడు విల్మెర్ బస్సు కిటికీ దగ్గర నిలబడి, కొన్నాళ్ళేగా అంటాడు. ఈ ఆలోచన వచ్చిన మరుక్షణమే అతను గుమ్మంలో బూట్లు విడిచిన చప్పుడు వినిపిస్తుంది. చేతిలో వేడి వేడి ఊదారంగు మొక్కజొన్న పానకం, కాగితంలో చుట్టిన జున్ను పూరీ. “తొందరగా తిను, పొంగు పోతుంది!” అంటాడు. ఆ పూరీ కొరగ్గానే లోపల్నించి వేడిగాలి బుస్సుమని వస్తుంది. ఇద్దరం నవ్వుతాం. ఇంత సంతోషం ఉన్న ఇంట్లో నాకీ గుబులేమిటని నన్ను నేనే కసురుకున్నాను. సంతోషం ఉంది కాబట్టే ఈ గుబులని తెలియడానికి శుక్రవారం దాకా పట్టింది.

శుక్రవారం తెల్లవారేసరికి కొత్త కొట్టు ముందు జనం. తలుపుకి రంగుకాగితం తోరణాలు. నాలుగు మూలలా సారాయి చల్లారు. నిప్పుల మీద మిఠాయి బిళ్ళలు కరిగి, మూలికలు రాజుకుని, కమ్మటి పొగ వీధంతా పరుచుకుంది. నాకు ఆ వాసన ఇష్టం. మా అత్తగారు కొత్త లంగా కట్టుకుంది, ఆవపువ్వు రంగు. టోపీ ఒకవైపుకి వాల్చింది. నన్ను చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. నా మెడలో పూలదండ వేసి, నెత్తిన పూరేకులు చల్లి, భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. పటాకులు పేల్చారు. షట్టర్ ఎత్తారు.

వచ్చారు. నన్ను చూసి ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. “అదృష్టం!” “అదృష్టం, నల్లమ్మా!” ఒక ముసలావిడ నా చెంప గిల్లి, ఆ వేళ్ళు ముద్దు పెట్టుకుంది. ఒక తల్లి తన చంటిబిడ్డ చెయ్యి పట్టుకుని, ఆ బుల్లి వేళ్ళతో నన్ను గిల్లించింది. బిడ్డకి గిల్లడం రాలేదు, నా వేలు పట్టుకుని వదల్లేదు. తల్లే వాడి వేళ్ళు మడిచి నేర్పింది. “ఇలా నాన్నా, ఇలా.” ఇంత చిన్నప్పుడే నేర్పుతారు కాబట్టే విల్మెర్‌కి అది చేతి అలవాటయింది. 

లోపల అత్తగారు తిరగలిలా తిరుగుతోంది. ఒక చేత్తో మూతలు తడుతూ, ఇంకో చేత్తో గిన్నెలు పేరుస్తూ, ఒకరికి జవాబు, ఒకరికి చమత్కారం. “కసేరా, ఈ డేగిశాలో మీ ఆయన్ని కూడా ఉడకబెట్టుకోవచ్చు!” జనం విరగబడి నవ్వుతున్నారు, కొంటున్నారు. వాళ్ళు ఆవిడ మాటలకి కొంటున్నారు. అది నాకు, పళ్ళమ్మేదాని కడుపున పుట్టినదానికి, పట్టపగల్లా కనబడుతోంది. కనబడనిది ఆవిడకొక్కదానికే.

ఎనిమిది దాటింది. లేచాను.

“కూర్చో కూర్చో,” అంది అత్తగారు, తలతిప్పకుండానే. “అదృష్టం మధ్యలో లేస్తే బేరమూ లేచిపోతుంది.”

“నాకు పరీక్ష ఉందత్తయ్యా.”

విల్మెర్ గబగబా వచ్చాడు, భుజాల మీద రంగుకాగితాలతో, ఎంతో ముద్దుగా ఉన్నాడు. “ఇంకో అరగంట నెల్వీ. చూడు, అమ్మ ఎంత సంబరంగా ఉందో.”

“ఆ బ్యాంకు పరీక్షకి నువ్వు చదవనేలేదా విల్మెర్?” అన్నాను.

“అదేమిటి? ఏడాదంతా చదివాను!”

“మరి పిన్నికి ఆ సంగతి చెప్పలేదే?”

అతని మొహం ఎర్రబడింది. అతన్ని అక్కడే వదిలేసి నేను కొట్టు గుమ్మం దాకా వెళ్ళాను. గట్టిగా మాట్లాడితే ఏడుపొస్తుందని నెమ్మదిగా అడిగాను.

“ఇన్నేళ్ళూ మీ పాత కొట్టు ముందు ఎవరు కూర్చున్నారత్తయ్యా?”

“ఎవరు కూర్చుంటారు? నాకే కూర్చునే తీరిక ఎక్కడేడిసింది?” అంది ఆవిడ, చేతిలో మూత అలాగే పట్టుకుని.

“మరి ఒక కొట్టు రెండు కొట్లెలా అయింది?”

ఆవిడ నా వైపు చూసింది. పొగ మా ఇద్దరి మధ్య అటూ ఇటూ ఊగుతోంది. ఆవిడకి కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో, ఇంకేమన్నా వచ్చిందో నాకు అర్థం కాలేదు. 

“సోమవారం పొద్దున్న నేను కాలేజీకి వెళ్తాను,” అన్నాను. “మంగళవారమూ వెళ్తాను. శనివారం మధ్యాహ్నం వస్తాను. వచ్చి గిన్నెలు అమ్ముతాను, మీ పక్కన నిలబడి. కుర్చీలో మాత్రం కూర్చోను.”

“ధూపం ముందు వాదించకూడదు,” అంది ఆవిడ. అంతే. మూత కింద పెట్టి, ఎవరో అడిగిన గిన్నె కోసం పైకి చెయ్యి చాచింది.

మెడలోని దండ తీసి కుర్చీ చేతికి తగిలించాను. విల్మెర్ చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. అతను నా వెంట వస్తాడేమోనని ఒక్క క్షణం చూశాను. రాలేదు. వద్దని కూడా అనలేదు. సంచీ భుజాన వేసుకుని జనంలోంచి దారి చేసుకుంటూ బయల్దేరాను. 

“ఏమిటి తోమాసా, అప్పుడే పోతోందేమిటి మీ నల్లపిల్ల? నేనింకా గిల్లుకోనేలేదు!” అని వెనక ఎవరో ఆడమనిషి అరిచింది.

“గిన్నె కావాలంటే లోపలికి రా కసేరా,” అంది మా అత్తగారి గొంతు. బజారంతా వినబడే గొంతు. “మా కోడలికి పరీక్ష ఉంది.”

ఒళ్ళంతా పొంగిపోయింది నాకు. పరిగెత్తుకెళ్ళి ఆ ఆవపువ్వు లంగాని రెండు చేతులా చుట్టేసుకోవాలనిపించింది. కానీ నేను వెనక్కి తిరగలేదు. నన్ను నేనెరుగుదును. ఆవిడ మొహం ఒక్కసారి చూశానంటే, సంతోషంతోనే, ఆ పూటంతా మళ్ళీ కూర్చుండిపోతాను.